బఠాణీలు ఒలిచినంతసేపు

మనిషి కళ్ళజోడు తుడుచుకోవడం ఎప్పుడు మొదలుపెట్టాడన్న విషయంలో చరిత్రకారులు ఇంతవరకూ ఒక మాట మీదికి రాలేదు. కళ్ళజోడు కనిపెట్టిన మర్నాడే అయి ఉంటుందని ఊహించుకోవచ్చు. అయితే రంగస్థలం మీద కళ్ళజోడు తుడవడం ఎప్పుడు, ఎవరి చేత, ఏ నాటకం రెండో అంకంలో మొదలైందన్నది మాత్రం పెద్దలు నిస్సందేహంగా తేల్చేశారు. నాటక కళని తుడుపుకి ముందు, తుడుపుకి తర్వాత అని రెండు యుగాలుగా విడగొట్టిన పండితులు కూడా ఉన్నారు. ఆ తుడుపు మీద ఇద్దరు పరిశోధన చేశారు. ఒకరికి డాక్టరేటు వచ్చింది. రెండోవారికి గైడుతో తగువొచ్చింది.

నాటకంలో ఆ ఘట్టం ఇదీ. ముసలి కాషియరు విచారణ గదిలో నిలబడి ఉంటాడు. ఇనప్పెట్టెలో డబ్బు పోయింది. తీసింది ఆయన తమ్ముడు. ఆ సంగతి ప్రేక్షకులకి తెలుసు, కాషియరుకి తెలుసు, అధికారికి తెలీదు. "ఆ రోజు ఆ గదిలో ఎవరెవరున్నారు?" అని అధికారి గద్దిస్తాడు. కాషియరు కళ్ళజోడు తీస్తాడు. చొక్కా అంచుతో ఎడమ అద్దం తుడుస్తాడు. కుడి అద్దం తుడుస్తాడు. దీపానికి ఎదురుగా ఎత్తి చూస్తాడు. పెట్టుకుంటాడు. అప్పుడు అంటాడు: "ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

ఆ తుడిచినంతసేపూ హాల్లో దగ్గు మందు తాగేవాళ్ళు కూడా దగ్గు ఆపుకునేవారు. "తుడుస్తున్నది అద్దాన్ని కాదు, అంతరాత్మని" అని ఒక పత్రిక రాసింది. "ఆ అద్దాల మీద పేరుకున్నది దుమ్ము కాదు, సమాజం" అని ఇంకో పత్రిక దాన్ని మించిపోయింది. నాటకం రాసినదీ, కాషియరు వేషం వేసినదీ ఒకరే కాబట్టి ఆయన్నే అడిగారు, ఆ మౌనం ఏమిటని. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "అది ఒక తపస్సు" అన్నాడు.

అది తపస్సు కాదు. ఆయనకి డైలాగు గుర్తొచ్చేది కాదు.

ఉన్నవే మూడు నాలుగు మాటలు, అవీ తను రాసినవే, గుర్తు లేకపోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. రాసినవాడు కాబట్టే వచ్చిన తిప్పలు అవి. గడ్డం గీసుకుంటూ ప్రతి ఉదయం డైలాగులు తిరగరాసేవాడు. "ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు" అని ఒక రోజు. "నేనే ఉన్నాను, ఇంకెవర్నని చెప్పను?" అని ఇంకో రోజు. అన్నీ బాగానే ఉండేవి. అన్నీ బుర్రలోనే ఉండేవి. స్టేజీ ఎక్కాక అవన్నీ ఒకేసారి గుమ్మం దగ్గరికొచ్చి ఇరుక్కునేవి. వీటిలో ఏది నాటకంలో ఉన్నదో ప్రపంచంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి స్టేజీ పక్కన, కుడివైపు వింగులో తెరచాటుగా, ఖాళీ సబ్బుల పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని పచ్చిబఠాణీలు ఒలుస్తూ ఉండేది. ఆయన భార్య.

ఆయన పగలు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. చిన్న తోలుసంచీలో సర్కారు తూకపు రాళ్ళు పెట్టుకుని బజారంతా తిరిగి, కొట్లలో రాళ్ళు సరిగ్గా ఉన్నాయో అరిగాయో తేల్చడం ఉద్యోగం. అందుచేత ఆయన నాటకాలకి మొదటి వరసలు ఎప్పుడూ నిండేవి. కిరాణావాళ్ళూ, కూరగాయలవాళ్ళూ, నూనె కొట్టువాళ్ళూ కుటుంబాలతో సహా వచ్చి, ఆయనకి కనపడేలా కూర్చుని, ఆయన కనురెప్ప వేసినా చప్పట్లు కొట్టేవారు. విషాద ఘట్టాల్లో నూనె కొట్టాయన వెక్కివెక్కి ఏడ్చేవాడు. ఆయన డబ్బాలు కొలతకి ఎప్పుడూ కొంచెం తక్కువుండేవి.

మొదట్లో మాట అందించడానికి ఒక స్కూలు మాస్టారుండేవాడు. ఆయన గొంతు క్లాసులో ఉన్నట్టే ఉండేది. అందించిన మాట నటుడి కంటే ముందు ఆఖరి బెంచీకి చేరేది. ఒకసారి ప్రేక్షకులు ఆయనకే చప్పట్లు కొట్టారు. దాంతో మాట పట్టింపు వచ్చి మాస్టారు మానేశాడు. నాటకం రేపనగా ఇన్‌స్పెక్టరు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదిగో, నీకు నాటకమంతా వచ్చుగా?"

"రాకేం? రోజూ గడ్డం గీసుకుంటూ అరుస్తారుగా."

"అయితే రేపు వింగులో కూర్చో. నేను ఆగితే అందించు."

"ఆగారో, నటిస్తున్నారో నాకెలా తెలుస్తుంది?"

ఇది మంచి ప్రశ్న. ఆ తర్వాత వచ్చిన విమర్శకులెవరూ ఇంత మంచి ప్రశ్న వెయ్యలేదు. ఆయన కాసేపు ఆలోచించి, "కళ్ళజోడు తీసి తుడిస్తే అందించు" అన్నాడు.

అదీ మహా మౌనం పుట్టుక.

మర్నాడు సాయంత్రం ఆవిడ ఊరికే కూర్చోవడం చేతకాక, వంటకి ఒలవాల్సిన బఠాణీ కాయలు సంచీలో వేసుకుని వెళ్ళింది. అక్కణ్ణించి అది అలవాటైపోయింది. ఆయన జోడు తీసేవాడు. ఆవిడ చేతిలో కాయ పగలగొట్టి, గింజలు గిన్నెలోకి దులిపి, తొక్క పక్కన పడేసి, అప్పుడు అందించేది. మొదలుపెట్టిన కాయ మధ్యలో వదిలే మనిషి కాదు. కాబట్టి మౌనం ఎంతసేపన్నది కాయలో ఎన్ని గింజలున్నాయన్నదాని మీద ఆధారపడేది. సన్నకాయలు దొరికిన రోజు "ఈవేళ నటనలో కొంచెం తొందర కనిపించింది" అనుకునేవారు. ముదురు కాయలు వచ్చిన రోజుల్లో జనం కళ్ళు తుడుచుకుంటూ ఇళ్ళకి వెళ్ళేవారు.

ఆవిడ తమ్ముడు మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. బావగారి నాటకాలకి మైకులన్నీ అతనివే. ఒకసారి కుడివైపు మైకు కొంచెం ఎక్కువ పెట్టడంతో ఆవిడ అందించిన "నేనొక్కణ్ణే" సన్నగా హాలంతా వినిపించింది. బావగారి మొహం మాడిపోయింది. మర్నాడు పత్రికలో "కాషియరు అంతరాత్మ స్త్రీ గొంతుతో పలకడం అపూర్వమైన ప్రయోగం" అని వచ్చింది. మొహం మామూలైంది.

"ఆ అపూర్వ ప్రయోగం మా అక్కేనని పేపరువాడికి చెప్పొద్దా, బావా?" అన్నాడు మైకు బావమరిది.

"రహస్యం తెలిస్తే కళ ఉండదురా."

"అవును మరి. కరపత్రంలో కుర్చీలు అద్దెకిచ్చినవాడి పేరు వేశారు, కర్టెన్ లాగినవాడి పేరు వేశారు. ప్రాంప్టింగు దగ్గర 'మిత్రులు' అని వేశారు. మా అక్క మీకు ఎప్పట్నించి మిత్రులో కొంచెం చెప్తారా?"

"నోర్ముయ్యి."

ఆవిడ ఈ మాటలన్నీ వంటింట్లోంచి విని, "ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది" అని మాత్రం అనేది.

ఒక పెద్ద ఊళ్ళో నాటక పోటీలు జరుగుతున్నాయి. సినిమా డైరెక్టరొకడు చూడ్డానికి వచ్చాడు. ఆయనకి ఏ సన్నివేశం నచ్చినా జేబులోంచి స్టాప్‌వాచ్ తీసి కొలుచుకునే అలవాటు. ఆ రోజు సరిగ్గా "ఎవరెవరున్నారు?" దగ్గర వింగులో కాషియరు తమ్ముడి వేషగాడు కాలు తగిలించి గిన్నె తన్నేశాడు. బఠాణీలు చెక్క మీద టపటపా దొర్లాయి. ఎవరైనా వాటి మీద కాలేస్తే జారి నడుం విరగ్గొట్టుకుంటారని ఆవిడ కంగారుపడి, మోకాళ్ళ మీద వంగి ఏరడం మొదలెట్టింది.

స్టేజీ మీద ఆయన ఎడమ అద్దం తుడిచాడు. కుడి అద్దం తుడిచాడు. వింగులోంచి మాట రాలేదు. మళ్ళీ ఎడమది తుడిచాడు. కాడలు తుడిచాడు. ముక్కు మీద నొక్కుల్ని రుద్దుకున్నాడు. దీపంకేసి చూశాడు, పైకి చూశాడు. కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. జనంలో ఎవరో వెక్కారు. ఆ మౌనంలో ఒక మనిషి లేచి, ఇంటికి తాళం వేశానో లేదో చూసుకుని తిరిగి రావచ్చు. చివరికి వింగులోంచి ఆయాసపడుతూ మాట వచ్చింది. "ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

డైరెక్టరు స్టాప్‌వాచ్ నొక్కి, కళ్ళు ఒత్తుకుని, గ్రీన్‌రూమ్‌కి పరిగెత్తాడు. "మాస్టారూ, ఆ గ్యాప్! ఆ గ్యాప్ కోసం సినిమా తీస్తాను!"

ఆయన వెళ్ళిపోయాక మొగుడూ పెళ్ళాలు మిగిలారు.

"ఎక్కడ చచ్చావ్?"

"బఠాణీలు పడిపోయాయండీ."

"నా పరువు పడిపోయేది!"

"పడలేదుగా. సినిమా తీస్తానంటున్నాడుగా." ఆవిడ గిన్నెలో చెయ్యిపెట్టి కలిపింది. "సగం గింజలకి మట్టి అంటింది. కడగాలి."

ఆయన ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. బజారువాళ్ళు చేసిన వీడ్కోలు సభ లాంటిది ఆ శాఖలో అంతకు ముందు ఎవరికీ జరగలేదు. నూనె కొట్టాయన ఈసారి కూడా ఏడ్చాడు గాని, ఈసారి మొహం వెలిగిపోతోంది.

సినిమా ఆఫీసులో మొదటి రోజు, కాషియరు ఆయనే అన్నారు. రెండో వారం, కాషియరు వయసు తగ్గిస్తే బాగుంటుందన్నారు. ఆ తర్వాత, తగ్గిన వయసుకి తగ్గ మనిషి కావాలన్నారు. ఆ మనిషి అప్పటికే దొరికాడు. ఊరంతా పెద్ద హీరో అని పిలిచే నటుడు. "మీ కథలో మీరు లేకపోతే ఎలాగండీ?" అని డైరెక్టరు ఎంతో బాధపడి, ఆయనకి అదే విచారణ ఘట్టంలో స్టెనో వేషం ఇచ్చాడు. వాంగ్మూలం రాసుకునే స్టెనో. కెమెరాకి వీపు.

షూటింగు రోజున పెద్ద హీరో ఈయన పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మనిషి మర్యాదస్తుడు. అదే వచ్చిన చిక్కు. వాడు పొగరుబోతై ఉంటే ఈయనకి ద్వేషించడం సులువయ్యేది.

"గురువుగారూ, ఒక్క సందేహం. ఈ గ్యాప్‌లో మీరు లోపల ఏమనుకునేవారు?"

లోపల ఆయన అనుకున్నది "ఎక్కడ చచ్చిందిది?" అన్న ఒక్క మాట.

"మనిషి ఒంటరితనం గురించి," అన్నాడు ఆయన.

పెద్ద హీరో కళ్ళు మూసుకుని రెండుసార్లు తలాడించాడు. డైరెక్టరు స్టాప్‌వాచ్ తీశాడు. అన్నీ సరిగ్గా నాటకంలో జరిగినట్టే జరగాలని పట్టుబట్టాడు: ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్ళీ ఎడమ, కాడలు, ముక్కు మీద నొక్కులు, పైకి చూపు. నిజానికి అంతసేపు ఉండదని, మామూలుగా ఒక కాయ ఒలిచినంతసేపేనని, ఆ రోజు గిన్నె తన్నేశారని చెప్పాలంటే ఒలిచేదెవరో చెప్పాలి. ఆయన వీపు కెమెరాకి పెట్టి, పెన్సిలు పట్టుకుని, నోరెత్తకుండా కూర్చున్నాడు. తన ఎదురుగా ఒక అందమైన మనిషి తన భార్య నేల మీద పాక్కుంటూ బఠాణీలు ఏరుకున్నంతసేపూ కళ్ళజోడు తుడిచి, "ఎవరూ లేరు. నేనొక్కణ్ణే" అన్నాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కన్నీళ్ళు పెట్టుకున్నారు.

సినిమా దద్దరిల్లిపోయింది. రచయిత పేరు తెర మీద పడే సమయానికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్నారు. నెల తిరక్కుండా టీ కొట్ల దగ్గర, బస్సుల్లో, పెళ్ళిచూపుల్లో కూడా కుర్రకారు కళ్ళజోళ్ళు తుడవడం మొదలుపెట్టారు. చూపు బాగున్నవాళ్ళు సాదా అద్దాలు కొనుక్కున్నారు. దాన్ని "పెద్ద హీరో తుడుపు" అన్నారు.

ఆయన సినిమాల్లోనే ఉండిపోయాడు. గుమాస్తా, పోస్టుమాస్టరు, ఇంటి ఓనరు. ఎక్కువగా డాక్టరు. ఆపరేషను గదిలోంచి బయటికొచ్చి, తల అడ్డంగా తిప్పే డాక్టరు. డాక్టరు వేసిన మొదటి సినిమాలోనే ఆయన చెయ్యి జోడు మీదికి పోగానే డైరెక్టరు "కట్!" అని అరిచాడు. "పెద్దాయనా, జోడు తియ్యకండి. అది హీరోగారి మేనరిజం. జనం నవ్వుతారు." ఆ తర్వాత ఆయన తెర మీద ఎంతమంది చావు కబుర్లు చెప్పాడో లెక్కలేదు. అన్నీ కళ్ళజోడు పెట్టుకునే చెప్పాడు.

ఇంట్లో మాత్రం కాఫీ గ్లాసు చేతికిచ్చినప్పట్నించీ పురాణం మొదలయ్యేది. చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

"దొంగ! నా మౌనం ఎత్తుకుపోయాడు!"

ఒక రోజు ఆవిడ స్టవ్ తుడుస్తూ, "మీ మౌనమా?" అంది. అంతే. తుడవడం ఆపలేదు.

మైకు బావమరిది ఉన్నాడంటే ఇంకా అన్యాయంగా ఉండేది. "పోలీసు రిపోర్టు ఇద్దాం, బావా. పోయిన సొత్తు ఏమిటి? మౌనం. ఎవరిది? అక్కడే ఆగుతుంది కేసు."

"నువ్వు మైకులు అమ్ముకోరా."

"అమ్మనండీ. అద్దెకే ఇస్తాను. మీరూ అద్దెదే కదా వాడుకున్నది."

వేషాలు తగ్గాక ఆయన సొంత ఊరికి తిరిగొచ్చి మళ్ళీ నాటకం వేశాడు. మొదటి వరసలు ఖాళీ. కొత్త ఇన్‌స్పెక్టరుకి నాటకాల మీద ఆసక్తి లేదు, టెన్నిస్ మీద ఉంది. కూరగాయలవాళ్ళు అందరూ టెన్నిస్ చూస్తున్నారు. వెనక బెంచీల్లో కాలేజీవాళ్ళు కూర్చుని, ఆయన జోడు తియ్యగానే "కాపీ! కాపీ!" అని అరిచారు. మర్నాడు పత్రిక కొంచెం మర్యాదగా రాసింది: "ప్రముఖ సినీనటుడి శైలిని అనుకరించే ప్రయత్నం జరిగింది. ఆ లోతు మాత్రం రాలేదు."

లోతు రాకపోవడానికి కారణం ఉంది. ఈలోగా ఊళ్ళో ఒలిచిన బఠాణీలు పొట్లాల్లో అమ్మడం మొదలుపెట్టారు. ఆవిడ చేతులు ఖాళీ. ఆయన జోడు తీసీ తియ్యకముందే మాట అందించేసింది.

"కొంచెం ఆగి అందించవేమిటి?" అని ఇంటికొచ్చాక విసుక్కున్నాడు.

"ఎంత ఆగమంటారు?"

"సినిమాలో వాడు ఆగినంత."

ఆవిడ చేతిలో పని ఆపింది. ఆవిడ పని ఆపడం అపురూపం. "అది నేను నేల మీద గింజలు ఏరుకున్నంతసేపండీ," అంది. "మోకాళ్ళు కొట్టుకుపోయాయి ఆ రోజు. మీకు గుర్తుండదు."

 సినిమాలోవాడి దగ్గర్నుంచి తన సొత్తు అరువు తెచ్చుకోవడానికి కూడా ఆవిణ్ణే అడగాల్సొచ్చిందన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టినట్టుంది. రెండు రోజులు భోజనం దగ్గర ముభావంగా ఉన్నాడు.

వయసు మీద పడ్డాక, ఊరి నాటక సమాజంవాళ్ళు సన్మానం తలపెట్టారు. ముఖ్య అతిథి పెద్ద హీరో. ఈయన కాషియరు ఘట్టం ఒక్కటి వేసి, తర్వాత నాలుగు మాటలు మాట్లాడాలి. ఆహ్వానం వచ్చిన రోజే బావమరిది వచ్చి కూర్చున్నాడు. ఈసారి నవ్వలేదు.

"బావా, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. ఎన్నేళ్ళు అందించింది మా అక్క? వింగులో చలికి వణుకుతూ, దోమలతో కుట్టించుకుంటూ. ఈసారి మైకు దగ్గర నిలబడి, ఇదిగో ఈవిడ, అని ఒక్క మాటనండి. అంతకంటే అక్కర్లేదు."

"చెప్తాన్రా."

"నిజంగా?"

"నేనే అనుకుంటున్నాను. చెప్పకుండా ఎలా పోతాను?"

అబద్ధం కాదు. మర్నాటి నుంచి గడ్డం గీసుకుంటూ ఆ వాక్యం తయారు చెయ్యడం మొదలుపెట్టాడు. "నా మౌనానికి ఒక గొంతుంది, ఆ గొంతు నా భార్యది." బాగుంది. మర్నాడు: "నేనొక్కణ్ణే అని వెయ్యిసార్లు చెప్పాను, వెయ్యిసార్లూ అబద్ధమే." ఇంకా బాగుంది. ఆ మర్నాడు: "మీరు చప్పట్లు కొట్టింది ఈవిడకి." ఏది ఉంచాలో తేలక అన్నీ ఉంచుకున్నాడు. గోడ అవతల వంటింట్లో ఆవిడ అన్నీ వింది.  గిన్నెల చప్పుడు ఆ పది నిమిషాలూ ఉండేది కాదు.

సభ రోజు సాయంత్రం ఆవిడ బీరువాలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది. తల రెండుసార్లు దువ్వుకుంది. సంచీ తీసుకెళ్ళలేదు. కుడివైపు వింగులో ఎవరో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. దాని మీద రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు మైకుల పెట్టె దగ్గర్నుంచి చూసి, వేలెత్తి, "రెడీయా?" అన్నట్టు కళ్ళెగరేశాడు. ఆవిడ సిగ్గుపడింది.

కాషియరు ఘట్టం ఎప్పట్లాగే, ఆవిడ అందించగా, అయిపోయింది. తర్వాత ముందు పెద్ద హీరో మాట్లాడాడు. ఆయన జుట్టు కూడా నెరిసింది. "మీరందరూ నా తుడుపు, నా తుడుపు అంటారు," అన్నాడు. "అది నాది కాదు. ఈ మహానుభావుడిది. నేను ఎత్తుకుపోయాను. ఇన్నాళ్ళకి నలుగురిలో తిరిగి ఇచ్చేస్తున్నాను." వంగి కాళ్ళు ముట్టుకోబోతే ఈయన వారించాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. రోజూ కాఫీ గ్లాసుతో మొదలయ్యే ఏడుపుకి ఇక కారణం లేదు. అడిగినదంతా దక్కింది. మొత్తం. ఒక్క రవ్వ కూడా తక్కువ లేకుండా.

పెద్ద హీరో మైకు ఈయన వైపు తిప్పాడు. "గురువుగారూ, ఇప్పుడు చెప్పండి. నాకు మీరున్నారు. ఆ మౌనంలో మీ వెనక ఎవరున్నారు?"

ఇంతకన్నా సూటిగా ఎవరూ అందించలేరు. ఆయన నోరు తెరిచాడు. గడ్డం గీసుకున్న ఉదయాలన్నీ ఒకేసారి గుమ్మం దగ్గరికొచ్చాయి.

కళ్ళజోడు తీశాడు. ఎడమ అద్దం తుడిచాడు. కుడి అద్దం తుడిచాడు. వింగు వైపు చెవి ఒగ్గాడు.

వింగులో ఆవిడ లేచి నిలబడింది. వాక్యాలన్నీ ఆవిడకి వచ్చు, వరసగా, ఏ రోజుది ఆ రోజు. పెదవులు కదిలాయి. మళ్ళీ మూసుకుంది.

ఆయన కాడలు తుడిచాడు. ముక్కు రుద్దుకున్నాడు. పైకి చూశాడు. ఇంత మౌనం సినిమాలో కూడా లేదు. మైకు బావమరిది కుడివైపు మైకు మీట చివరంటా పెంచేశాడు. అక్క నిట్టూర్చినా ఊరంతా వినపడాలి. ఏమీ వినపడలేదు.

ఆయన జోడు పెట్టుకున్నాడు.

"ఎవరూ లేరు," అన్నాడు. "నేనొక్కణ్ణే."

హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. ఈలలు, కేకలు. పెద్ద హీరో చేతిరుమాలు తీసుకుని మొహం దాచుకున్నాడు. రంగస్థలం మీద ఎవరూ అందించకుండా ఆయన ఆ డైలాగు తనంతట తాను చెప్పడం అదే మొదటిసారి.

గ్రీన్‌రూమ్‌లో బావమరిది తలుపు మూశాడు.

"మర్చిపోయారా, కావాలనే అన్నారా?"

"గుర్తు రాలేదురా," అన్నాడు ఆయన. మేకప్ చెమటతో కారుతోంది. "నోటికి అదే వచ్చింది. ఒట్టు."

"ఇప్పుడు వెళ్ళి చెప్పండి. జనం ఇంకా పోలేదు."

ఆయన తలుపు వైపు చూశాడు. బయట ఇంకా చప్పట్లు వినిపిస్తున్నాయి. "ఇప్పుడు చెప్తే ఏం బాగుంటుందిరా? ఘట్టం పాడైపోతుంది," అన్నాడు.

బావమరిది అక్క వైపు తిరిగాడు. "నువ్వైనా అందించొచ్చు కదే అక్కా! అడుగుతున్నాడుగా నిన్ను, అంతసేపు!"

"నా పేరు నేనే అందించుకోనా?" అంది ఆవిడ. సన్మానంలో ఇచ్చిన జ్ఞాపిక బల్ల మీదుంటే, మేకప్ అంటకుండా దాన్ని పాత పేపర్లో చుట్టింది. "పదండి, అన్నం వండాలి."

ఆ తర్వాత ఆయన నాటకం వెయ్యలేదు. ఎవరూ వద్దనలేదు. అందించే మనిషి రానంది. రానని కూడా అనలేదు, అడిగినప్పుడు ఇంకేదో పని చేసుకుంటూ ఉండేది. ఆయనకి ఇంట్లో కూడా మాటలు ఆగడం ఎక్కువైంది. భోజనం దగ్గర కంచంలోకి చూసి, ఏదో కావాలని, దాని పేరు తట్టక జోడు తీసి తుడిచేవాడు. ఇదివరకైతే "ఉప్పా?" అని ముందే అనేది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఆయన తుడిచినంతసేపూ ఓపిగ్గా చూసేది. ఆయన చప్పిడి కూడే తిని లేచేవాడు. అలా కొన్నేళ్ళు గడిచాయి.

ఆయన పోయినప్పుడు పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి. "మౌనం శాశ్వతమైంది" అన్నది ఒకటి. "ఒంటరి శిఖరం" అన్నది ఇంకొకటి. నాటక సమాజంవాళ్ళు తమ హాలు గుమ్మంలో అద్దాల పెట్టె కట్టించి, దానికి లైటు పెట్టి, అందులో ఆ చరిత్రాత్మకమైన కళ్ళజోడు ఉంచారు. చూసినవాళ్ళు అక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడతారు. అది పెద్ద హీరో సినిమాలో పెట్టుకున్న జోడు. ఆయనే పంపించాడు.

అసలు జోడు ఆవిడ దగ్గరుంది. కుడి కాడ వదులైతే దారం చుట్టింది. పొట్లాల బఠాణీలు మానేసి మళ్ళీ కాయలే కొంటోంది. ఆ జోడు పెట్టుకుంటే గింజల్లో పురుగు బాగా కనిపిస్తుంది.